గుండె వైద్యంలో ఎక్స్‌రే: రోగి పేరున రాయని లెక్క



మన సంచికలో ఏటా ఒక ఆరోగ్య వ్యాసం వుండటం ఆనవాయితీ. షుగరు గురించీ, బి.పి. గురించీ అందరూ రాస్తూనే వున్నారు. అందుచేత ఈసారి మేము ఎవరూ అంతగా పట్టించుకోని ఒక సంగతిని ఎత్తుకొన్నాము. లాలాగూడలో ఇప్పుడు ఏ గల్లీలో అడిగినా గుండెకు స్టెంటు పడిన మనిషి ఒకరు తగులుతారు. స్టెంటు ఏ కంపెనీది, ధర ఎంత, ఎన్ని పడ్డాయి అనే మాటలు చాయి హోటళ్ళలో కూడా వినిపిస్తాయి. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం మామూలు స్టెంటుకు 7,260 రూపాయలు, మందు పూసిన స్టెంటుకు 29,600 రూపాయలు అని గరిష్ఠ ధర కట్టినప్పుడు ఆ అంకెలు అందరి నోళ్ళలో నానినవి. కాని ఆ స్టెంటు వేసేటప్పుడు శరీరంలోకి ఎన్ని ఎక్స్‌రే కిరణాలు పోయినవి అని అడిగినవాడు మాకు ఒక్కడూ కనిపించలేదు.

ఈ వ్యాసం కోసమని మేము తెలిసిన కొందరు పెద్దల డిశ్చార్జి కాగితాలు అడిగి తీసుకొని చూశాము. స్టెంటు స్టిక్కరు వున్నది. మందుల జాబితా వున్నది. బిల్లు పైసలతో సహా వున్నది. కిరణాల లెక్క మాత్రం మేము చూచిన కాగితాలలో లేదు. ఈ లెక్క ఎందుకు లేకుండా పోయింది, అది వుంటే ఏమి మేలు అనేది తెలియాలంటే కొంత చరిత్ర చెప్పుకోవాలి.

మన వూరు, మన దవాఖానాలు

1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు నిజాం రైలు నడిచింది. 1893లో లాలాగూడ వర్క్‌షాపు పుట్టింది. దాని వెంటనే ఫిట్టర్లు, కమ్మరులు, వడ్రంగులు, డ్రైవర్లు, ఫైర్‌మన్లు వచ్చి స్థిరపడ్డారు. మన పేటలలో చాలా ఇండ్ల కథ అక్కడి నుంచే మొదలవుతుంది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి సికింద్రాబాదు దాని ముఖ్య కేంద్రమైనది. లాలాగూడ రైల్వే ఆస్పత్రి ఆ జోను మొత్తానికి కేంద్ర ఆస్పత్రి. ఎక్కడెక్కడి రైల్వే కుటుంబాలో ఇక్కడికి వస్తాయి. పెద్ద వైద్యం అవసరమైతే ఇక్కడి నుంచి కాగితం పట్టుకొని బయటి దవాఖానాలకు పోతాయి. ఈ కాగితం సంగతి గుర్తుంచుకోండి, చివరలో మళ్ళీ దాని పని పడుతుంది.

రోగికి ఇచ్చే వైద్యంలో ప్రమాదం ఎంత అని అడగటం మన హైదరాబాదుకు కొత్త కాదు. 1888, 1889 సంవత్సరాలలో అఫ్జల్‌గంజ్ దవాఖానాలో ‘హైదరాబాదు క్లోరోఫారం కమిషన్’ అని రెండు కమిషన్లు పని చేసినవి. మత్తుకోసం ఇచ్చే క్లోరోఫారం గుండెను ఆపుతుందా, ముందుగా శ్వాసను ఆపుతుందా అన్నది ప్రశ్న. రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీ దీనికి పూనుకొన్నాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు భరించారు. ‘లాన్సెట్’ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ అనే పేరుపొందిన వైద్యుడు ఇంగ్లండు నుంచి ఓడ ఎక్కి వచ్చాడు. వందలాది జంతువుల మీద పరీక్షలు చేసి, శ్వాసను కనిపెట్టుకొని వుంటే చాలు, గుండెకు భయం లేదు అని తేల్చారు. కాని 1911లో లెవీ అనే శాస్త్రవేత్త లండనులో చేసిన ప్రయోగాలు, తేలికపాటి క్లోరోఫారం మత్తులో కూడా గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోవచ్చునని చూపించినవి. అంటే హైదరాబాదు అడిగిన ప్రశ్న గొప్పది, జవాబు మాత్రం సగమే. ప్రమాదం లేదని ఒకసారి తేల్చుకొని పుస్తకం మూసివేయకూడదని, కొలుస్తూనే వుండాలని దాని పాఠం. ఎక్స్‌రే కథలో కూడా ఇదే పాఠం మళ్ళీ మళ్ళీ వస్తుంది.

ఎక్స్‌రే పుట్టుక, మొదటి గాయాలు

1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బుర్గ్ పట్టణంలో రాంట్‌జెన్ అనే ఆచార్యుడు ఈ కిరణాలను కనుగొన్నాడు. డిసెంబరులో తన భార్య చేతిని పటం తీశాడు. ఎముకలు, వేలి ఉంగరం కనిపించినవి. ఏడాది తిరగకుండానే ప్రపంచమంతా ఈ యంత్రాలు వెలిసినవి. 1897-98లో వాయవ్య సరిహద్దున తీరా దండయాత్రలో బీవర్ అనే సైనిక వైద్యుడు గాయపడిన సిపాయిల ఒంట్లో గుండ్లు ఎక్కడున్నవో ఈ కిరణాలతోనే వెదికాడు. రాంట్‌జెన్ పేటెంటు తీసుకోలేదు. 1901లో భౌతికశాస్త్రానికి ఇచ్చిన మొట్టమొదటి నోబెల్ బహుమానం ఆయనదే.

గాయాలు కూడా వెంటనే మొదలైనవి. 1896లో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో డడ్లీ అనే ఆచార్యుడు తన తలను ఒక గంటసేపు ఎక్స్‌రే ముందు పెట్టాడు. ఆ రోజు ఏమీ కాలేదు. నొప్పి లేదు, మంట లేదు. సరిగ్గా 21 రోజులకు అంతమేర జుట్టు రాలిపోయింది. ఈ చిన్న సంఘటనలోనే ఎక్స్‌రే స్వభావమంతా వున్నది. నిప్పు తగిలితే చేయి వెంటనే వెనక్కు లాగుతాము. కరెంటు తగిలితే ఎగిరి పడతాము. ఈ కిరణం తగిలినట్టు మాత్రం తెలియదు. వారాల తర్వాత తెలుస్తుంది. అప్పటికి ఎందువల్ల అయిందో మరచిపోయి వుంటాము.

ఎడిసన్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డాలీ అనే సహాయకుడు రోజూ తన చేతినే కిరణాల ముందు పెట్టి గొట్టాలను పరీక్షించేవాడు. చేతులు పుండ్లు పడి, క్యాన్సరు సోకి, తీసివేయవలసి వచ్చింది. 1904లో చనిపోయాడు. ఎడిసన్ ఆ పనే మానుకొన్నాడు. ఇలా బలి అయిన వైద్యుల, నర్సుల, శాస్త్రవేత్తల స్మృత్యర్థం 1936లో హాంబర్గ్ నగరంలో ఒక శిలాస్తంభం నిలిపారు. మొదట అందులో 169 పేర్లు చెక్కారు. 1928లో స్టాక్‌హోంలో జరిగిన రేడియాలజీ మహాసభలో రక్షణ నియమాల కోసం ఒక అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. అది కూడా మొట్టమొదట ఆలోచించింది పనివారి గురించే.

ఇది తప్పని మేము అనడం లేదు. రోజంతా యంత్రం దగ్గర నిలబడేవారికి ముప్పు ఎక్కువ, వారిని ముందు కాపాడవలసిందే. కాని ఆ స్తంభం మీద రోగుల పేర్లు లేవు. రోగి ఒకసారి వస్తాడు, పోతాడు, అతనికి తగిలేది ఎంతలే అనే భావం వైద్య లోకంలో చాలాకాలం నిలిచిపోయింది. ఒకసారి ఫోటో తీయటం వరకైతే ఆ భావం నిజమే. గుండె వైద్యం వచ్చాక లెక్క మారింది.

గుండెలోకి గొట్టం

1929లో జర్మనీలో ఎబర్స్‌వాల్డె అనే చిన్న పట్టణపు ఆస్పత్రిలో ఫోర్స్‌మన్ అనే యువ వైద్యుడు తన మోచేతి నరం కోసుకొని సన్నని రబ్బరు గొట్టాన్ని తానే గుండెవైపు తోసుకొన్నాడు. గొట్టం లోపల వుండగానే మెట్లు దిగి ఎక్స్‌రే గదికి నడిచి వెళ్ళి, గొట్టం కొస గుండెలోకి చేరినట్టు పటం తీయించుకొన్నాడు. పై అధికారులు మెచ్చుకోలేదు. 1956లో మాత్రం మరి ఇద్దరితో కలిపి ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది.

1958లో అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో మేసన్ సోన్స్ ఒక రోగికి పరీక్ష చేస్తూ వుండగా గొట్టం జారి, రంగుమందు పొరపాటున గుండెకు రక్తమిచ్చే నాళంలోకే పోయింది. మనిషి చనిపోతాడని భయపడ్డారు, కాని బ్రతికాడు. ఆ నాళం తెరమీద స్పష్టంగా కనిపించింది. నేడు మనం యాంజియోగ్రాం అనే పరీక్ష పుట్టింది అలాగే. 1977 సెప్టెంబరు 16న జూరిచ్ నగరంలో గ్రూంట్‌జిగ్ గుండె నాళంలో బెలూను వూది అడ్డును తొలగించాడు. అది యాంజియోప్లాస్టీకి నాంది. 1984లో జపాను వైద్యుడు ఇనోవే, మూసుకుపోయిన మైట్రల్ కవాటాన్ని బెలూనుతో తెరిచే పద్ధతిని ప్రచురించాడు. మన దేశంలో కీళ్ళవాతపు జ్వరం వచ్చి కవాటాలు చెడిన పేద పిల్లలకు, పడుచు ఆడవారికి ఇది వరమైనది.

ఈ పనులన్నింటిలోనూ ఎక్స్‌రే చేసే పని వేరు. చేయి విరిగితే కిరణం ఒక్క క్షణం తగులుతుంది. గుండె లోపల తీగె నడిపేటప్పుడు కిరణమే డాక్టరుకు కన్ను. అది ఆరిపోతే ఆయనకు దారి కనిపించదు. కాబట్టి నిమిషాలకు నిమిషాలు, చిక్కు కేసులలో గంటకు పైన కూడా, ఆగి ఆగి కిరణం వస్తూనే వుంటుంది. యంత్రం గొట్టం సాధారణంగా బల్ల కింద వుంటుంది. కిరణం వీపులోంచి దూరి ఛాతీలోంచి పైకి వస్తుంది. అందుచేత అన్నింటికన్నా ఎక్కువ దెబ్బ వీపు చర్మానిదే. రోగి చూసుకోలేని చోటు కూడా అదే!

మన దగ్గరికి ఎప్పుడు వచ్చింది

1980 దశకం నడుమ మద్రాసులో మాథ్యూ శామ్యూల్ కళరికల్ మొదలైన వైద్యులు మన దేశంలో యాంజియోప్లాస్టీకి బాట వేశారు. హైదరాబాదులో నిజాం ట్రస్టు కట్టించిన ఎముకల ఆస్పత్రి ఆ దశకంలోనే ‘నిమ్స్’గా మారి గుండె వైద్యానికి పెద్ద కేంద్రమైనది. 1990 దశకంలో ఇక్కడి డాక్టరు సోమరాజు, రక్షణ పరిశోధన సంస్థలో వున్న డాక్టరు అబ్దుల్ కలాం కలిసి తక్కువ ధరకు దొరికే స్టెంటును తయారు చేయించారు. ‘కలాం-రాజు స్టెంటు’ అని దానికి పేరు వచ్చింది. క్షిపణులకు వాడే లోహజ్ఞానం పేదవాని గుండెకు పనికి వచ్చిందని అందరం గర్వపడ్డాము. 2007లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆరోగ్యశ్రీ పథకం మొదలుపెట్టిన తర్వాత కూలినాలి చేసుకొనేవారికి కూడా కార్పొరేటు దవాఖానా తలుపు తెరుచుకొన్నది. ఇప్పుడు ఉస్మానియా, గాంధీ దవాఖానాలలో కూడా క్యాథ్ ల్యాబులు వున్నవి.

ఇదంతా మంచే. దీనివల్ల ఎంతమంది ఇంటి దీపాలు ఆరకుండా నిలిచాయో మనకు తెలుసు. అయితే రోగులు పెరిగిన కొద్దీ, ఒకే రోగికి రెండోసారి, మూడోసారి చేయడం పెరిగిన కొద్దీ, కిరణాల లెక్క కూడా పెరుగుతుంది. లాలాగూడ నుంచి మౌలాలి దాటి పోతే ఇ.సి.ఐ.ఎల్., అణు ఇంధన కేంద్రం వస్తాయి. రేడియేషన్ అనగానే మన వాళ్ళు అటువైపు చేయి చూపిస్తారు. కాని మనుషులు చేసిన రేడియేషన్‌లో ప్రపంచ ప్రజలకు ఎక్కువగా తగిలేది వైద్యం ద్వారానే అని ఐక్యరాజ్యసమితి శాస్త్ర సంఘం చాలాకాలంగా చెబుతూనే వున్నది.

వీపు మీద మచ్చ

1990 మార్చి 29న అమెరికాలో 40 ఏళ్ళ మనిషికి యాంజియోగ్రాం, యాంజియోప్లాస్టీ చేశారు. ఆరేడు వారాలకు వీపు మీద చదరంగా ఎర్రటి మచ్చ తేలింది. కొన్ని నెలలకు అది మానినట్టు కనిపించింది. ఏడాదిన్నర దాటేసరికి అదే చోట చర్మం చచ్చి లోతైన పుండు పడింది. చివరకు వేరేచోటి చర్మం తెచ్చి అతుకు వేయవలసి వచ్చింది. అతనికి తగిలిన మోతాదు 20 గ్రేలకు పైన వుండవచ్చునని తర్వాత అంచనా కట్టారు. ఇలాంటివి మరికొన్ని బయటపడిన మీదట 1994 సెప్టెంబరులో అమెరికా ఆహార ఔషధ సంస్థ దేశంలోని డాక్టర్లందరికీ హెచ్చరిక పంపింది. 2000లో అంతర్జాతీయ రక్షణ సంఘం ఈ ఒక్క విషయం మీదనే ప్రత్యేకంగా ఒక పుస్తకం వేసింది. 2006 జూన్ తర్వాత అమెరికాలో తయారయ్యే యంత్రాలు రోగికి తగులుతున్న కిరణాల అంకెను తెరమీద చూపి తీరాలని నిబంధన వచ్చింది.

తేదీలు చూడండి. యాంజియోప్లాస్టీ 1977లో పుట్టింది, రోగి పక్షాన గట్టి హెచ్చరిక 1994లో వచ్చింది. నడుమ పదిహేడేండ్లు! ఎవరో దాచిపెట్టారని చెప్పడానికి లేదు. మచ్చ వచ్చినవాడు గుండె డాక్టరు దగ్గరికి పోడు, చర్మ డాక్టరు దగ్గరికి పోతాడు. ఆయన తామర అనో, మంచపు ఒత్తిడి అనో, ప్లాస్టరు పడలేదనో మందు రాస్తాడు. గుండె డాక్టరుకు ఆ మచ్చ సంగతే తెలియదు. రెండు కాగితాలు ఎన్నడూ ఒకచోట కలవవు.

మోతాదు ఎంత?

కొలతలు రెండు రకాలు. చర్మం మీద పడేదాన్ని ‘గ్రే’లలో కొలుస్తారు. దానిలో వెయ్యోవంతు మిల్లీగ్రే. శరీరం మొత్తానికి కలిగే దీర్ఘకాలపు ముప్పును ‘మిల్లీసీవర్ట్’లలో చెబుతారు.

భూమి నుంచి, ఆకాశం నుంచి, తిండి నుంచి ప్రతి మనిషికీ ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్టులు ఎలాగూ వస్తాయి. ఛాతీ ఎక్స్‌రే ఒకటి తీస్తే అందులో వందోవంతు వచ్చినా గొప్పే. యాంజియోగ్రాంకు సుమారు 7, స్టెంటు వేసే పనికి సుమారు 15 మిల్లీసీవర్టులు సగటు అని వైద్య గ్రంథాలు చెబుతున్నవి. అంటే ప్రకృతి మూడేండ్లలో ఇచ్చేది ఒక్క యాంజియోగ్రాంలో, ఆరేండ్లలో ఇచ్చేది ఒక్క స్టెంటులో వస్తుందన్నమాట. ఇది సగటు. మనిషి లావుగా వున్నా, అడ్డు చిక్కుగా వున్నా దీనికి రెండు మూడింతలు కావచ్చు.

ఈ అంకెలు చూసి గుండె ఝల్లుమననక్కరలేదు. 10 మిల్లీసీవర్టుల వలన ప్రాణాంతకమైన క్యాన్సరు అదనంగా రాగల అవకాశం సుమారు రెండు వేలలో ఒక వంతు అని అంచనా. అది కూడా ఎన్నో ఏండ్ల తర్వాత. గుండెపోటుతో వచ్చిన అరవై ఏండ్ల మనిషికి ఆ గంటలో నాళం తెరవకపోతే వున్న ముప్పు ముందర ఇది చాలా చిన్నది. పిల్లల విషయం వేరు. పుట్టుకతో గుండెలో రంధ్రం వున్న పిల్లవానికి ముందు చాలా బ్రతుకు వున్నది, వాని ఒళ్ళు కిరణాలకు సున్నితం కూడా. గర్భిణుల విషయం అంతకన్నా జాగ్రత్త.

చర్మం సంగతికి వస్తే, ఒకేచోట 2 గ్రేలు దాటితే ఎరుపు రావచ్చు, 3 దాటితే వెంట్రుకలు రాలవచ్చు. యంత్రం చూపే అంకె 5 గ్రేలు, అంటే 5,000 మిల్లీగ్రేలు, దాటితే రోగిని తర్వాత కనిపెట్టి చూడాలన్నది వైద్యులు అనుసరించే పద్ధతి. మామూలు యాంజియోగ్రాం ఆ దరిదాపులకు పోదు. ఒకే మనిషికి కొద్ది వారాలలోనే రెండు మూడు సార్లు పెద్ద పనులు జరిగితే ఆ లెక్కలు కలిపి చూసుకోవాలి. కలిపి చూడాలంటే ముందటి అంకె కాగితం మీద వుండాలి గదా!

తగ్గించే ఉపాయాలు డాక్టర్ల చేతిలో చాలా వున్నవి. సెకనుకు 30 బొమ్మలు తీసే చోట 15, ఏడున్నర బొమ్మలతోనే పని గడిపించవచ్చు. రికార్డు చేసే బొమ్మకు, వూరికే చూసే బొమ్మకంటే ఎన్నోరెట్లు ఎక్కువ కిరణం కావాలి గనుక అవసరమైనంతే రికార్డు చేయవచ్చు. కావలసిన మేరకే కిరణాన్ని కుదించవచ్చు. పైనున్న పలకను ఛాతీకి దగ్గరగా దించవచ్చు. కోణం మారుస్తూ వుంటే దెబ్బ ఒకేచోట పడదు. వీటికి అదనపు ఖర్చు లేదు, ధ్యాస వుంటే చాలు. అంకె రాసే అలవాటు వున్నచోట ఆ ధ్యాస దానంతట అదే వస్తుంది. మన వర్క్‌షాపు పెద్దలను అడగండి, బాయిలరుకు గేజి ఎందుకు పెడతారో చెబుతారు. గేజి ఆవిరిని తగ్గించదు, మనిషి కన్నును దానిమీద నిలుపుతుంది.

చట్టం ఏమంటుంది

మన దేశంలో అణుశక్తి చట్టం 1962లో వచ్చింది. దాని కింద అణుశక్తి నియంత్రణ మండలి 1983 నవంబరు 15న ఏర్పడింది. 2004లో రేడియేషన్ రక్షణ నియమాలు, 2016లో వైద్య ఎక్స్‌రే యంత్రాలకు సవరించిన భద్రతా నియమావళి వచ్చాయి. క్యాథ్ ల్యాబు నడపాలంటే ఆ మండలి లైసెన్సు కావాలి. యంత్రాన్ని నిర్ణీత కాలానికి పరీక్ష చేయించాలి. అక్కడ పనిచేసేవారు ఛాతీ మీద చిన్న బ్యాడ్జి పెట్టుకోవాలి. ఆ బ్యాడ్జిని ప్రయోగశాలకు పంపి ఎంత కిరణం తగిలిందో లెక్క తీస్తారు. పనివారికి అయిదేండ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మించకూడదు. మామూలు ప్రజలకు ఏడాదికి 1.

మరి రోగికి? పరిమితి లేదు. దీనికి కారణం న్యాయమైనదే. ప్రాణం కాపాడే పనికి గీత గీస్తే, ఆ గీత దగ్గర డాక్టరు చేయి ఆపవలసి వస్తుంది. అందుకని రోగి విషయంలో రెండు సూత్రాలు పెట్టారు. పరీక్ష నిజంగా అవసరమైనదై వుండాలి. అవసరమైనదైతే వీలైనంత తక్కువ కిరణంతో చేయాలి. మంచి సూత్రాలే. కాని పనివానికి పరిమితీ వున్నది, బ్యాడ్జీ వున్నది, పుస్తకంలో అతని పేరున లెక్కా వున్నది. రోగికి పరిమితి లేదు, బ్యాడ్జి లేదు. పరిమితి లేని చోట కనీసం లెక్క అయినా వుండాలని మా మనవి. ఆ అంకె యంత్రం తెరమీద కనిపిస్తూనే వుంటుంది. దాన్ని డిశ్చార్జి కాగితం మీదికి ఎక్కించడానికి అర నిమిషం చాలు.

మనం చేయగలిగినది

డాక్టర్లతో తగవు పెట్టుకొమ్మని మేము చెప్పడం లేదు. మర్యాదగా, ముందుగా అడగాలి. ఈ కింది మాటలను ఇంటిల్లిపాదీ గుర్తుంచుకోవలెనని ప్రార్థన.

ఒకటి. ఇ.సి.జి., ఎకో, ఎం.ఆర్.ఐ. పరీక్షలలో ఎక్స్‌రే లేదు. వాటికి ఈ భయం పెట్టుకోవద్దు. యాంజియోగ్రాం, స్టెంటు, సి.టి. యాంజియోగ్రాం వీటిలో వుంటుంది.

రెండు. గుండెపోటు వచ్చినప్పుడు కిరణాల గురించి ఆలోచిస్తూ కూర్చోవద్దు. వెంటనే దవాఖానాకు పోవాలి. ఈ వ్యాసం చదివి ఎవరైనా యాంజియోగ్రాం మానుకొంటే మేము రాసినది వృథా.

మూడు. యాంజియోగ్రాం అయ్యాక సి.డి. అడిగి తీసుకోండి. దాన్ని పారవేయవద్దు, పిల్లల చేతికి ఇవ్వవద్దు. ఒక దవాఖానా నుంచి మరో దవాఖానాకు పోయేటప్పుడు సి.డి. లేకనే చాలాసార్లు పరీక్ష మళ్ళీ చేయవలసి వస్తుంది. రైల్వే ఆస్పత్రి నుంచి బయటికి, బయటి నుంచి తిరిగి రైల్వే ఆస్పత్రికి తిరిగే మన వాళ్ళకు ఇది మరీ ముఖ్యం. ముందు చెప్పుకొన్న కాగితంతో పాటు సి.డి. కూడా ప్రయాణం చేయాలి.

నాలుగు. ఆడవారికి గర్భం వున్నదేమో అన్న అనుమానం వున్నా సిగ్గుపడక ముందే చెప్పాలి. పక్కన మగవారు వున్నారని ఆగిపోకుండా నర్సమ్మతో చెప్పవచ్చు.

అయిదు. ఇంటికి వచ్చే ముందు, “డాక్టరు సాబ్, కిరణాల మోతాదు ఎంత పడింది, కాగితం మీద రాయించండి” అని అడగండి. మిల్లీగ్రేలలో ఒక అంకె, కిరణం నడిచిన నిమిషాలు, ఈ రెండు చాలు.

ఆరు. పెద్ద పని జరిగినవారి వీపును రెండు వారాల తర్వాత ఒకసారి, రెండు నెలల లోపల మరోసారి ఇంట్లోవారు చూడాలి. రెక్క ఎముక కింద చదరంగానో గుండ్రంగానో ఎరుపు, నలుపు, దురద కనిపిస్తే చర్మ డాక్టరుకు, గుండెకు స్టెంటు వేశారన్న సంగతి ముందు చెప్పాలి. అలాంటి చోట తొందరపడి ముక్క కోసి పరీక్షకు పంపితే ఆ గాయం మానకపోయే ప్రమాదం వున్నది.

సంఘం పక్షాన ఒక చిన్న సూచన కూడా చేస్తున్నాము. వైద్య సహాయం కోరి వచ్చే ప్రతి గుండె రోగికీ ఒక ప్లాస్టిక్ కవరు ఫైలు ఇద్దాము. అందులో మొదటి కాగితం మీద నాలుగు గడులు: తేదీ, చేసిన పని, మిల్లీగ్రే అంకె, సి.డి. వున్నదా లేదా. ఖర్చు కొద్ది రూపాయలు. మన యువకులలో చదువుకొన్నవారు ఆ గడులు నింపిపెడితే చాలు. రోగి పదిసార్లు అడిగితే దవాఖానా పదకొండోసారి తానే రాసి ఇస్తుంది. పెద్ద పెద్ద మార్పులు అనేకం ఇలా అడగటం వల్లనే వచ్చినవి.

క్లోరోఫారం కాలంలో ఈ నగరం అడిగిన ప్రశ్నకు నవాబుల ఖజానా, ఇంగ్లండు డాక్టర్లు కావలసి వచ్చారు. నేటి ప్రశ్నకు అంత అక్కరలేదు. ఒక కలం, ఒక కాగితం, అడిగే నోరు వుంటే చాలును. గుండె జబ్బుతో బాధపడుతున్న మన సోదరులు, తల్లులు అందరూ పూర్తి ఆరోగ్యంతో చాలాకాలం మన మధ్య వుండవలెనని కోరుకొంటూ సెలవు తీసుకొంటున్నాము.